ప్రకటన చూసి పిలిచిన పెండ్లి జడ

మా చిన్నమ్మాయి పెండ్లి 2024 జనవరి నెలాఖరున జరిగింది. పాస్టరుగారు, వంటవారు, షామియానావారు, బ్యాండువారు అందరూ మాకు తెలిసినవారే గనుక ఒక్కొక్క ఫోనుతో ఒక్కొక్క పని అయిపోయింది. ముక్కుమొహము తెలియనివారిని వెదకవలసి వచ్చింది ఒక్క జడ దగ్గరే. వినడానికి ఇది చిన్న విషయముగా ఉంటుంది. ఆడపిల్ల ఉన్న ఇంటివారు మాత్రము నవ్వరని మా నమ్మకము.

మాది పాలకొల్లుకు దగ్గరలో ఉన్న పల్లెటూరు. 2023 సెప్టెంబరులో అమ్మాయికి డెంగీ జ్వరము వచ్చింది. భీమవరములో ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచాము. దేవుని దయవలన గండము గడిచింది. పిల్ల తిండి తిని కాస్త ఒళ్ళు చేస్తోందని సంతోషిస్తున్న సమయములో, నవంబరు నెలలో జుట్టు రాలడము మొదలైంది. దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. పెద్ద జ్వరము తగ్గిన రెండు మూడు నెలలకు ఇలా జరుగుతుందనీ, కుదుళ్ళు చావలేదనీ, కొన్ని నెలల్లో జుట్టు తిరిగి వస్తుందనీ డాక్టరుగారు చెప్పారు. ఆ మాట నిజమే అయింది కూడా. అయితే వేసవికి వచ్చే జుట్టు జనవరిలో పెండ్లికి ఏమి పనికివస్తుంది?

నడుము దాటిన జడ చిటికెనవ్రేలంత అయింది. "ముసుగు వేస్తారు కదమ్మా, ఎవరికి కనపడుతుందిలే" అని తానే నవ్వేది. ముసుగు అంటే పలుచని నెట్టుగుడ్డ, దానిలోనుంచి అన్నీ కనపడతాయి. ఆ సంగతి దానికీ తెలుసు. ఒకరోజు చూస్తే గదిలో అద్దము గోడవైపుకు తిప్పి ఉంది. మేము చూసి ఏమీ అనలేదు. తిరిగి సరిగా పెట్టడానికి చేయీ రాలేదు.

మా పెద్దమ్మాయిని అలంకరించిన పాలకొల్లు పార్లరు ఆవిడ ఆ రోజుకు నాలుగు పెండ్లిళ్ళు ఒప్పుకొని ఉంది. "తెల్లవారుజామున నాలుగింటికైతే వచ్చి, అరగంటలో దువ్వేసి వెళ్ళిపోతానండీ" అంది. ఆరాధన పదిన్నరకు. ఉన్న నాలుగు వెంట్రుకలను నాలుగింటికి దువ్వితే పదిన్నరకు ఏమి మిగులుతుంది? అప్పుడు హైదరాబాదులో ఉద్యోగము చేస్తున్న మా అబ్బాయి, "ఫోనులో ప్రకటనలుంటాయి నాన్నా, నేను చూస్తాను" అన్నాడు.

ఈ ప్రకటనల సంగతి ఎరుగని చదువరులకు రెండు మాటలు చెప్పాలి. పూర్వము దినపత్రికలో ఒక పేజీనిండా చిన్న చిన్న అక్షరాలతో ఇల్లు అద్దెకు, సైకిలు అమ్మకానికి, వరుడు కావలెను అని వేసేవారు. పదాలు లెక్కబెట్టి డబ్బు కట్టించుకొనేవారు. 1995లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రెయిగ్ న్యూమార్క్ అనే ఆయన తన స్నేహితులకు ఊళ్ళో జరిగే కార్యక్రమాల కబుర్లు కంప్యూటరులో ఉత్తరాలుగా పంపడము మొదలుపెట్టాడు. అదే పెరిగి పెద్దదై, క్రెయిగ్స్‌లిస్ట్ అనే ప్రకటనల సంతగా మారింది. మన దేశములో ఓఎల్ఎక్స్ 2006లో, క్వికర్ 2008లో వచ్చాయి. ఇటువంటి చోట్ల మామూలు ప్రకటనకు చాలావరకు డబ్బు అక్కరలేదు. ఒక ఫోను నంబరు ఉంటే చాలు, ఎవరైనా వేయవచ్చు. సౌకర్యమూ అదే, చిక్కూ అదే. ప్రకటన పైన వరుసలో ఉంటే ఆ మనిషి పనిమంతురాలని మేము అనుకున్నాము. డబ్బు కట్టినవారి ప్రకటనను పైకి ఎక్కిస్తారని తర్వాత తెలిసింది. పేరు ప్రక్కన ఉండే సరిచూచిన గుర్తు కూడా చాలాచోట్ల ఆ ఫోను నంబరు వారిదేనని గాని, ఏదో గుర్తింపు కార్డు చూశామని గాని మాత్రమే చెబుతుంది. చేతిలోని పనితనము గురించి అది ఏమీ చెప్పదు. పట్టణాలలో మరొక పద్ధతి ఉంది. 2014లో అర్బన్‌క్లాప్ అనే పేరుతో మొదలై ఇప్పుడు అర్బన్ కంపెనీగా ఉన్న సంస్థ వంటివి తామే మనుషులను చేర్చుకొని, తర్ఫీదునిచ్చి, ఇళ్ళకు పంపిస్తాయి. ఆ బండి మా పల్లెదాకా రాదు.

మొదట మేము పిలిచిన ప్రకటన చూడడానికి ఎంతో ముచ్చటగా ఉంది. సినిమా తారల్లాంటి పెండ్లికూతుళ్ళ ఫోటోలు పదిహేను. జడకూ ముఖానికీ కలిపి 5,000 రూపాయలు అని వేశారు. ఫోనులో ఒక మగ గొంతు చాలా మర్యాదగా, "మా మేడమ్ గారు పనిలో ఉన్నారండి, ఆ తేదీకి ఇంకా ముగ్గురు అడుగుతున్నారు, గంటలో సగము పంపితే మీకే ఖాయము చేస్తాను" అన్నాడు. మాలో లెక్కలు చూసేవారు ఒకరున్నారు, చేపలు కొనేటప్పుడు రూపాయి దగ్గర అరగంట బేరమాడే మనిషి. ఆ మనిషే ఐదు నిమిషాలలో 2,500 పంపించేశారు. సాయంత్రము మళ్ళీ ఫోను. సామగ్రికి పూచీగా 1,500 కట్టాలనీ, పెండ్లినాడు తిరిగి ఇచ్చేస్తామనీ చెప్పాడు. అదీ పంపాము. మూడవసారి, "మీ డబ్బు మీకు వాపసు రావాలంటే ఈ చదరపు గుర్తును మీ ఫోనుతో తీసి, మీ రహస్య అంకె కొట్టండి" అన్నాడు. అక్కడ మా అబ్బాయి అడ్డుపడ్డాడు. ఫోనులో డబ్బు పంపే ఈ యూపీఐ పద్ధతి 2016లో వచ్చింది. అందులో డబ్బు పంపడానికే రహస్య అంకె కావాలి. రావలసిన డబ్బుకు ఏ అంకే కొట్టనక్కరలేదు. కొట్టమన్నాడంటే వాడు ఇంకా లాగబోతున్నాడని అర్థము. మేము అడ్డము తిరిగిన మరుక్షణము ఆ ఫోను మూగబోయింది. ప్రకటన కూడా మరునాటికి కనపడలేదు. ఆ ఫోటోలను మా అబ్బాయి కంప్యూటరులో వెదికితే, అవే పెండ్లికూతుళ్ళు వేరే రాష్ట్రములోని మరెవరిదో పార్లరు పేజీలో ఉన్నారు.

పోయిన 4,000 కంటే మమ్మల్ని ఎక్కువ బాధించినది మరొకటి. సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. సంఘములో తెలిస్తే ఏమనుకుంటారో, వియ్యాలవారికి తెలిస్తే ఎంత తెలివితక్కువవారని నవ్వుకుంటారో అనుకున్నాము. ఇటువంటి మోసాలకు 1930 అనే నంబరు ఉందనీ, డబ్బు పోయిన వెంటనే ఫోను చేస్తే అవతలి ఖాతాలో ఆ సొమ్మును ఆపించే అవకాశము ఉంటుందనీ మాకు మూడవరోజున తెలిసింది. ఫిర్యాదు రాయించుకున్నారు. సొమ్ము అప్పటికే చేతులు మారిపోయింది. గంటలోపు చేయవలసిన ఫోనును పరువుకోసము రెండు రోజులు దాచుకున్నాము. ఇది చదివేవారిలో ఎవరికైనా అటువంటి కష్టము వస్తే, మాకు వచ్చిన సిగ్గు మీకు రాకూడదు.

రెండవ ప్రకటనను అమ్మాయే చూసింది. అందులో ఫోటోలు ఆరే. వెలుతురు సరిగా లేదు. అన్ని ఫోటోలలోనూ వెనుక అదే ఆకుపచ్చ కిటికీ, అదే క్యాలెండరు. "ఇవి అరువు ఫోటోలు కావు నాన్నా, వాళ్ళింట్లో తీసుకున్నవే" అంది. మా కంటే అది నయము. ఆమె ఊరు తాడేపల్లిగూడెం వైపు. ఫోను చేస్తే ఎత్తింది ఆమే. రేటు అడిగితే వెంటనే చెప్పలేదు. జుట్టు ఎంత పొడవు, ఎంత ఒత్తు, ఈ మధ్య ఏదైనా జబ్బు చేసిందా, ఏ మందైనా పడదా, ఆరాధన ఎన్ని గంటలకు, ముసుగు తలమీద ఎక్కడ నిలబడాలి అని వరుసగా అడిగింది. తలను పైనుంచీ, ప్రక్కనుంచీ, వెనుకనుంచీ ఎండలో ఫోటో తీసి పంపమంది. పని తెలిసినవారు ముందు తలను అడుగుతారనీ, తెలియనివారు ముందు డబ్బు అడుగుతారనీ ఈ రెండు ఫోనుల వల్ల మాకు అర్థమైంది.

అన్నీ అడిగి చివరకు, "మీ ఇంట్లో ఆ రోజు ఆడవాళ్ళు ఎవరెవరు ఉంటారండీ? మీ పాస్టరుగారి భార్యగారి నంబరు ఇస్తారా?" అంది. 

నిజము చెప్పాలంటే మాకు కోపము వచ్చింది. డబ్బు ఇచ్చేది మేము, ఆమె గురించి వాకబు చేయవలసినది మేము. ఎదురు మమ్మల్నే వాకబు చేస్తుందా? అయినా నంబరు ఇచ్చాము. ఆమె ఆ రాత్రే పాస్టరమ్మగారికి ఫోను చేసి, ఈ ఇంట్లో పెండ్లి ఉన్నమాట నిజమేనా, ఇల్లు బస్సు దిగే చోటికి ఎంత దూరము, మనుషులు ఎలాంటివారు అని అడిగిందట. పాస్టరమ్మగారు మరునాడు మందిరము దగ్గర ఆ సంగతి చెప్పి, "నేను మంచిగానే చెప్పానులెండి" అని నవ్వారు. తర్వాత పరిచయము పెరిగాక ఆమెనే అడిగాము. రెండేళ్ళ క్రితము ప్రకటన చూసి ఒకరు పిలిస్తే, తెల్లవారుజామున పెట్టె పట్టుకొని వెళ్ళిందట. అక్కడ పెండ్లీ లేదు, పందిరీ లేదు, ఇంట్లో ఆడదిక్కే లేదు. గుమ్మములోనుంచే వెనక్కి తిరిగి, రోడ్డు మీద కిళ్ళీకొట్టు తెరిచేదాకా బస్టాండులో కూర్చున్నానని చెప్పింది. అంతకు మించి చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆమె కూడా ఒకరి కూతురే గదా. ఫోనులో వచ్చిన గొంతును నమ్మి చీకటిలో బయలుదేరడము ఆమెకు వారానికి రెండుసార్లు ఉండే పని. మాకు పోయేది నాలుగు వేలు.

పెండ్లికి పదిహేను రోజుల ముందు ఒకసారి వచ్చి జడ వేసి చూపించాలని మాట. ఆ రోజు మా ఇంటి పెద్దది, పిల్లలు మామ్మ అని పిలిచే మా అత్తగారు, ఉదయమునుంచి వీధి అరుగు మీదే కూర్చుంది. ఎందుకో మాకు అప్పుడు తెలియలేదు.

మామ్మ పెండ్లి 1962లో. ఆ రోజులలో మా పేటకు మంగలి రాడు. ఊళ్ళో అన్ని ఇళ్ళకూ పని చేసి కోతలప్పుడు మేర గింజలు పుచ్చుకొనేవాడు, మా గింజలు మాత్రము అక్కరలేదనేవాడు. మగవాళ్ళు ఒకరికొకరు గొరుక్కొనేవారు. పేటలో ఒక పెద్దాయన దగ్గర కత్తెర ఉండేది, పండుగ ముందు రోజు ఆయన ఇంటి ముందు బారులు తీరేవారట. అంటరానితనము పేరుతో ఎవరికీ పని చేయననకూడదని 1955లోనే చట్టము వచ్చింది. ఆ చట్టము మా కాలువ దాటి రావడానికి చాలాకాలము పట్టింది. మామ్మకు పెండ్లి జడ వేసింది వాళ్ళ పెద్దమ్మ. కొబ్బరినూనె, మూడు పాయలు, ఇద్దరు పెండ్లికూతుళ్ళు అప్పటికే పెట్టుకొన్న ఒక ఎరువు సవరము. "బయటి మనిషి వచ్చి మన తల ముట్టుకోవడమా, అదొక కలలేవే" అని మామ్మ మనవరాలితో అనడము మేము విన్నాము.

ఆమె పదకొండు గంటల బస్సుకు వచ్చింది. చేతిలో పెద్ద పెట్టె, భుజానికి సంచి. ఎండన పడి వచ్చినందుకు మామ్మ తానే లేచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, అక్కడే నిలబడింది. కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. ఆమె గ్లాసు పెదవులకు ఆనించుకొని గటగట త్రాగి, "ఇంకో గ్లాసు ఇస్తారా మామ్మగారూ" అంది. మామ్మ లోపలికి వెళ్ళి చెంబే తెచ్చింది. ఇక సాయంత్రము వరకు ఆ అరుగు మీదికి పోలేదు.

అమ్మాయి మనస్సులో రెండు కోరికలు ఉన్నాయి. ఉన్న జుట్టుకు కాస్త గోధుమ రంగు వేయించుకోవాలి, దానిని సాఫీగా సాగదీయించుకోవాలి. రెండింటికీ ఆమె ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఆమెకు ఇంకొక ఐదారు వేలు వచ్చేవి. చాలా రంగులలో, నల్లరంగులలో మరీ ఎక్కువగా, పీపీడీ అనే రసాయనము ఉంటుందట. అది కొందరికి పడదు. పడనివారికి తల దురదపెట్టి, పొక్కులు లేచి, కండ్లు మూసుకుపోయేలా ముఖము వాస్తుంది. అందుకే చెవి వెనుక గాని మోచేతి మడతలో గాని కాస్త రాసి, 48 గంటలు ఆగి చూడమని డబ్బా మీదే వ్రాసి ఉంటుంది. ఎంతమంది చదువుతారు? పది నిమిషాలలో ఎర్రబడకుండా నల్లగా పండుతుందని పెండ్లిళ్ళలో పెట్టే నల్ల గోరింటాకులో కూడా ఇదే కలుపుతుంటారట. ఆకు నూరితే ఎక్కడైనా నల్లగా పండుతుందా అని మామ్మ అడ్డు ప్రశ్న వేసింది. ఇక సాగదీసే మందులలో కొన్ని, వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ అనే ఆవిరిని వదులుతాయి. కండ్లు, గొంతు మండుతాయి. అది మనుషులకు క్యాన్సరు కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సరు పరిశోధన విభాగము 2004లోనే తేల్చింది. "జ్వరము నుంచి లేచిన తల అండి ఇది. ఇప్పుడు కొత్త వెంట్రుకలు మొలుస్తున్నాయి చూడండి. వీటి మీద మందు పోయడము నా వల్ల కాదు" అని, అమ్మాయి పాపిట దగ్గర వ్రేలితో జరిపి మాకు చూపించింది. అంగుళము పొడవున, నూగులాగా, నిటారుగా నిలబడి ఉన్నాయి. రోజూ ఆ తలను చూస్తున్న మేము వాటిని చూడనే లేదు. అమ్మాయి అద్దము తెమ్మంది.

సవరము విషయములో మాత్రము ఆమె పట్టుపట్టింది. బజారులో 300కు దొరికేది నైలాను దారము. దీపాల వెలుగులో అది వేరుగా మెరుస్తుంది, కర్లింగ్ రాడ్డు తగిలితే కరుగుతుంది. నిజమైనదో కాదో తెలుసుకోవాలంటే ఒక్క పోగు తీసి నిప్పుకు చూపమంది. నిజమైన వెంట్రుక చిటపటమని ముడుచుకొని, ఈక కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిద అవుతుంది. నైలాను కరిగి గట్టి పూస కడుతుంది. ఆమె తెచ్చిన సవరమునుంచి ఒక పోగు తీసి మా ముందే కాల్చింది. ఆ వాసనకు మామ్మ ముక్కు మూసుకుంది. అది ఏలూరు నుంచి వచ్చిన వెంట్రుకట. ఏలూరులో వెంట్రుకలను శుభ్రము చేసి, పొడవుల ప్రకారము ఏరి, విదేశాలకు పంపించే వ్యాపారము ఉంది. చిక్కు వెంట్రుకలకు స్టీలు సామాను ఇస్తామని కేకవేస్తూ మన వీధులలో తిరిగేవారిని మీరు చూసే ఉంటారు. మనము దువ్వెన నుంచి తీసి గోడ సందులో దోపిన ఉండలు కూడా ఆ వ్యాపారములోకే చేరుతాయి. రాలిన తన జుట్టును మా అమ్మాయి ఒక కవరులో దాచిపెట్టుకుందని మాకు ఆ రోజే తెలిసింది. "ఇది కలపవచ్చా అక్కా?" అని తెచ్చి ఇచ్చింది. చిక్కు తీసి, వేర్లు ఒకవైపుకు కూర్చి, పాయ కట్టడానికి చాలా పని ఉంటుంది. ఆమె దానిని చేతితో బరువు చూసి, "కొంచెము కలుపుతాను. చివర కుచ్చులో పెడతాను" అని సంచిలో వేసుకుంది.

మాటలన్నీ ఆ సాయంత్రమే కాగితము మీద పెట్టాము. పెండ్లికూతురి జడ, ముసుగు నిలబెట్టడము, ముందుగా చూపించిన ఈ రోజు పని కలిపి 7,000. తోడిపెండ్లికూతుళ్ళు ఇద్దరికి చెరి 700. సవరము అద్దె, పూలు, బస్సు వేరు. అడ్వాన్సు 1,000 మాత్రమే తీసుకుంది. అదే విషయమును ఫోనులో కూడా వ్రాసి పంపి, చెరిపివేయవద్దంది. మాలో లెక్కలు చూసేవారికి ఇది నచ్చింది. ఊరికే అనలేదు ఆమె. 2018లో ఢిల్లీలో ఒక పెద్ద హోటలులోని సెలూనులో జుట్టు చెప్పినదానికంటే చాలా పొట్టిగా కత్తిరించారని ఒకామె ఫిర్యాదు చేస్తే, జాతీయ వినియోగదారుల కమిషన్ 2021లో ఏకంగా రెండు కోట్ల పరిహారము ఇమ్మంది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, నష్టము ఇంత అని చూపే ఆధారము లేకుండా అంత మొత్తము ఎలా వేస్తారని ఆ తీర్పులోని మొత్తమును కొట్టివేసి, మళ్ళీ విచారించమంది. మన పల్లెలలో ఎవరూ కోట్లకు పోరు. అయితే 2019 నాటి వినియోగదారుల చట్టము ప్రకారము మనము ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు పనికి ఫీజు లేదు, 1915 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. కాగితము ఉంటేనే ఈ దారులన్నీ పనికివస్తాయి. ఆ కాగితము ఆమెకూ రక్షణే. పెండ్లి అయిపోయాక జడ బాగాలేదని సగము ఎగవేసేవారు తక్కువేమీ కాదట.

పెండ్లి ముందురోజు చివరి బస్సుకు వచ్చి మామ్మ గదిలో పడుకుంది. చీకటిలో ప్రయాణము వద్దని మేమే అన్నాము. రాత్రి పడుకోబోయే ముందు అమ్మాయి తలను తడిపీ తడపకుండా తడిపి, పాత చీరె పేలికలతో చిన్న చిన్న పాయలు చుట్టి ముడివేసింది. రాడ్డు ఉండగా ఈ చాదస్తమేమిటని మా పెద్దమ్మాయి నవ్వింది. తెల్లవారి ఐదున్నరకు కరెంటు పోయింది, ఎనిమిదింటిదాకా రాలేదు. పేలికలు విప్పితే వంకీలు బుట్టలాగా నిలబడ్డాయి. ఇక ఎవరూ నవ్వలేదు.

పూల దగ్గర కొంత గొడవ జరిగింది. మల్లెలు కావాలని అబ్బాయివైపు వారు ముందే చెప్పి ఉన్నారు. జనవరిలో మల్లెలు ఎక్కడ? కడియపులంక నుంచి తెల్ల చేమంతులు, లిల్లీలు తెప్పించాము. లిల్లీలు దారిలో నలిగి అంచులు ముదురు రంగు వేశాయి. ఆమె వాటిని ప్రక్కన పడేసి, చేమంతులలో చిన్నవి ఏరి, ముసుగు దువ్వెన చుట్టూ కట్టింది. తొందరలో ఒక తోడిపెండ్లికూతురి చెవి మీద రాడ్డు తగిలించింది కూడా. చిన్నదే, వెన్న రాశారు. మాట మాత్రము ఎక్కువ. జడ వేస్తున్నంతసేపూ ఎవరి పెండ్లిలో ఏమి జరిగిందో చెబుతూనే ఉంటుంది. హెయిర్ స్ప్రే కొట్టడములో చేయి పెద్దది, గదిలో అందరమూ దగ్గాము.

తొమ్మిదిన్నరకు అమ్మాయి తల ఎత్తింది. జడ నడుము దాటి ఉంది. చివర కుచ్చు దాని స్వంత జుట్టుది. అది మాకు, ఆమెకు, మామ్మకు మాత్రమే తెలుసు. ఆరాధనలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు ముసుగు కొంచెము జారినట్లయితే, వెనుక వరుసలో కూర్చున్న ఆమె చప్పుడు చేయకుండా ముందుకు వచ్చి, ఒక్క పిన్ను పెట్టి, వంగి వెళ్ళిపోయింది. వీడియోలో చూస్తే గాని అది జరిగినట్లు చాలామందికి తెలియదు.

భోజనాలయ్యాక మిగిలిన డబ్బు ఇస్తుంటే మామ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. "నాకూ వెయ్యమ్మా" అంది. నెరసిన ఆ నాలుగు పోగులకు ఏమి జడ? ఆమె తీసిన పెట్టె మళ్ళీ తెరిచి, కొబ్బరినూనె అడిగి, తీరికగా దువ్వి, చిన్న ముడి చుట్టి, మిగిలిన చేమంతి ఒకటి పెట్టింది. దానికి డబ్బు పుచ్చుకోలేదు. ఐదు గంటల బస్సు తప్పిపోయింది, ఆరింటి బస్సుకు మా అబ్బాయి దింపి వచ్చాడు.

వెళ్ళేముందు, "మీ నంబరు ఎవరైనా అడిగితే ఇవ్వవచ్చాండీ?" అని అడిగింది. ఇమ్మన్నాము. అప్పటినుంచి మాకు ఫోనులు వస్తూ ఉంటాయి. ఆమె ప్రకటన చూసి, పని ఎలా ఉంటుందో వాకబు చేసే తల్లులు. మేము ఉన్నది ఉన్నట్లు చెబుతాము: పని మంచిది, సమయానికి వస్తుంది, మాటలు ఎక్కువ, స్ప్రే తగ్గించమని ముందే చెప్పుకోండి, ముందురోజు రాత్రికి మీ ఇంట్లో పడక ఇవ్వండి అని.

ఈ మధ్య ఆచంట వైపు నుంచి ఒకావిడ చేసింది. రేటు అడగలేదు, పని అడగలేదు. "ఆమె ఏమిట్లండీ?" అంది ముందుగా. ఫోను మామ్మ చేతిలో ఉంది.

"జడలు బాగా వేస్తుందమ్మా" అంది మామ్మ.